సీరియల్‌కి కవర్ చేసుకునేటప్పుడు పేరుతో మొదలుపెట్టండి

ముందు ఒక పని చేయండి. ఫోన్‌లో ప్రతిలిపి గానీ, మీరు కథలు చదివే ఇంకో యాప్ గానీ తెరిచి, ఫోన్‌ని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని, కళ్ళు చికిలించకుండా ఎన్ని నవలల పేర్లు చదవగలరో లెక్కపెట్టండి. పది కవర్లు ఉంటే నాకు మూడో నాలుగో అందుతాయి. మిగతావాటిలో ఒక అమ్మాయి మొహం, ఒక అబ్బాయి మొహం, వెనకాల మునిగిపోతున్న సూర్యుడు, పక్కన గులాబీ, వీటి మీద ఎక్కడో సన్నగా, వంకరగా, మెరుస్తూ పేరు. ఆ కథ ఎంత బాగుందో, రాసినావిడ వంటిల్లు సర్దుకున్నాక ఎన్ని రాత్రులు కూర్చుని రాసిందో తెలుసుకునే దారి పాఠకుడికి అక్కడే మూసుకుపోతుంది. నాకు ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను చెప్పేది ఒకటే. యాప్‌లలో భాగాలు భాగాలుగా వచ్చే మన తెలుగు సీరియల్ కవర్‌కి ప్రాణం బొమ్మ కాదు, పేరు రాసిన అక్షరం. బొమ్మ దొరికాక దాని మీద ఖాళీ ఎక్కడుందో వెతికి పేరు ఇరికించడం మనందరికీ అలవాటు. దాన్ని తిరగేయాలి. పేరు ముందు, బొమ్మ తర్వాత.

ఒకప్పుడు ఇలా ఉండాల్సిన అవసరం లేదు. వడ్డాది పాపయ్య గారు చందమామకి, యువకి వేసిన ముఖచిత్రాలు బస్టాండు పుస్తకాల కొట్లో తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడుతుంటే, పత్రిక పూర్తి సైజులో కనపడేది, ఆ చీర మడత, ఆ వెన్నెల రంగు దగ్గరికి లాగేవి. బాపు గారి సంగతి ఇంకో రకం, బొమ్మ కంటే ముందు ఆయన చేతిరాతే గుర్తుపట్టేవాళ్ళం, పుస్తకం పేరు ఆయన రాశారంటే సంతకం చూడాల్సిన పనే లేదు. ఇప్పుడు మన కవర్ కనపడేది బొటనవేలి గోరంత. గోరంత చోటులో చీర మడత కనపడదు, పెద్ద అక్షరం కనపడుతుంది. కాబట్టి పాపయ్య గారి దారి కంటే బాపు గారి దారే మనకి ఎక్కువ పనికొస్తుంది.

ఉదాహరణగా మా పిన్ని సీరియల్ తీసుకుంటాను, ఎందుకంటే దాంతోనే నేను ఈ పని నేర్చుకున్నాను. పిన్నిది టెక్కలి దగ్గర. నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మీద కథ రాసింది, చిన్నప్పటి నుంచి చూసిన మనుషులు కాబట్టి చాలా బాగా రాసింది. "ఒరేయ్ నాన్నా, ఈ బొమ్మ మీద పేరు రాసి పంపరా, రేపు మొదటి భాగం పెట్టాలి" అని ఒక సినిమా హీరోయిన్ ఏడుస్తున్న ఫొటో పంపింది. పేరేమో "ఉప్పుమడిలో విరిసిన కన్నీటి పువ్వు". నాలుగు పదాలు, పద్నాలుగు అక్షరాలు, అందులో మూడు ఒత్తులు, ప్పు, న్నీ, వ్వు. పిన్నితో గంట సేపు మాట్లాడి దాన్ని "ఉప్పుమడి" చేశాం. మిగతా మాటలు ఎక్కడికీ పోలేదు, కథ పరిచయంలో మొదటి వాక్యం అయ్యాయి.

పేరు కుదించడం డిజైన్ పని కాదనుకుంటారు చాలామంది. నా లెక్కలో అదే మొదటి డిజైన్ పని.

కొంచెం లెక్క చూద్దాం. అమెజాన్ కేడీపీ (రచయితలు తమ పుస్తకాన్ని తామే అమ్మకానికి పెట్టుకునే చోటు) వాళ్ళు ఈబుక్ కవర్‌కి చెప్పే సైజు 1600 పిక్సెళ్ళ వెడల్పు, 2560 ఎత్తు. కథల యాప్ వాట్‌ప్యాడ్‌ది 512 వెడల్పు, 800 ఎత్తు. రెండూ దాదాపు ఒకే ఆకారం, వెడల్పు కంటే ఎత్తు ఒకటిన్నర రెట్ల పైచిలుకు. అందుకని 1600 బై 2560 కాన్వాస్ మీద ఒక్కసారి చేసుకుంటే, మిగతా యాప్‌లకి కొద్దిగా కత్తిరించుకుంటే సరిపోతుంది. ఇప్పుడు ఆ 1600 వెడల్పు కవర్ యాప్‌లో వరసలో నిలబడినప్పుడు 100 పిక్సెళ్ళే అయిందనుకోండి, అంటే 16 వంతుల్లో ఒక వంతు. మీరు 200 పిక్సెళ్ళ ఎత్తున రాసిన అక్షరం అక్కడ 12 పిక్సెళ్ళు అవుతుంది. దాని కింద ఒత్తుకి 5 పిక్సెళ్ళు మిగిలితే గొప్ప. 200 కంటే చిన్న అక్షరంతో పేరు రాస్తే ఒత్తు ఉన్న మాట కాస్తా మరక అయిపోతుంది. అందుకే నేను 1600 కాన్వాస్ మీద పేరు ఎత్తు 250 కంటే తగ్గనివ్వను, చిన్న పేరైతే 400 దాకా వెళ్తాను.

ఇంగ్లీషు కవర్ల నుంచి మనం తెచ్చుకోకూడనివి ఇక్కడే ఉన్నాయి. వాళ్ళ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది, మనది పైకీ కిందకీ పెరుగుతుంది. పైన గుడి, ఏత్వం, ఓత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. "జ్యోత్స్న" అని పేరు పెట్టుకున్న కథకి కవర్ చేసి చూడండి, ఆ త్స్న ఎంత లోతుకి దిగుతుందో తెలుస్తుంది. పేరు రెండు వరసల్లో రాస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. "కన్నీళ్ళ" అని పైన, "తీరం" అని కింద రాస్తే పై ఒత్తు వెళ్ళి కింది గుడి నెత్తిన కూర్చుంటుంది. వరసల మధ్య దూరం పెంచడం ఒక దారి. నాకు నచ్చిన దారి వేరే: రెండో వరసని కొంచెం ఎడమకో కుడికో జరిపి, పై ఒత్తు కింది వరసలో ఖాళీ ఉన్నచోట దిగేలా అమర్చడం. ఓపిక కావాలి, కానీ అలా కుదిరిన పేరు చేత్తో రాయించినట్టు ఉంటుంది.

ఇంకో మాట, అక్షరాల మధ్య దూరం. కాన్వా లాంటి యాప్‌ల టెంప్లేట్లు చాలావరకు ఇంగ్లీషు కోసం చేసినవి, వాటిల్లో అక్షరాలు ఎడంగా ఉండేలా ముందే పెట్టి ఉంచుతారు. అందులో తెలుగు పేరు టైప్ చేస్తే మాట విడిపోయి కనపడుతుంది, ఒక్కోసారి ఒత్తు తన అక్షరానికి దూరంగా జరిగిపోతుంది. ఆ దూరాన్ని సున్నా చేయండి. వాలు అక్షరాలు కూడా వద్దు, మన లిపికి ఆ అలవాటు లేదు, యాప్ బలవంతంగా పక్కకి నెట్టిన అక్షరం పడిపోతున్నట్టు ఉంటుంది. పేరుని ఇంద్రధనుస్సులా వంచడం కూడా అంతే, వంపులో ఒత్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఫాంట్లు

తెలుగులో మంచి ఫాంట్లు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గూగుల్ ఫాంట్స్‌కి వెళ్ళి భాష తెలుగు అని పెట్టి చూడండి. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసినవే బోలెడు, అందులో చాలావాటికి మన కవుల, పండితుల పేర్లు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు, సురవరం. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, అంటే డబ్బులిచ్చి కొనే పుస్తకం కవర్ మీద కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించుకున్న ఫాంట్‌కి ఈ భరోసా ఉండదు.

నా అనుభవంలో గోరంత సైజులో కూడా నిలబడేది రామభద్ర. లావుగా, గట్టిగా ఉంటుంది, క్రైమ్ కథకైనా కుటుంబ కథకైనా పనికొస్తుంది. బాలూ తమ్ముడు గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది, కాలేజీ ప్రేమకథలకి, నవ్వించే కథలకి బాగుంటుంది, దయ్యం కథకి మాత్రం పెట్టకండి. అనెక్ తెలుగులో ఒక సుఖం ఉంది, లావూ వెడల్పూ రెండూ మార్చుకోవచ్చు, కాబట్టి పేరు పొడుగైపోయి కుదించడానికి ఏ దారీ లేకపోతే సన్నటి వెడల్పులో లావు రకం తీసుకుంటే ఒక వరసలో ఇమిడిపోతుంది. చతుర అందమైన ఫాంట్, పొడుగ్గా, సన్నగా, కానీ పలచటి రకం కవర్ మీద పెడితే వెంట్రుక గీసినట్టు ఉంటుంది, బాగా లావు రకం అయితేనే వాడండి. చేతిరాత లాంటిది కావాలంటే లక్కిరెడ్డి, రవిప్రకాష్ చూడండి. పాత కాలపు కథ, జమీందారీ కథ, పుస్తకంలా కనపడాల్సిన కథ అయితే నోటో సెరిఫ్ తెలుగులో లావు రకం.

ఒక కవర్ మీద రెండు ఫాంట్లు చాలు. పేరుకొకటి, రచయిత పేరుకొకటి. మూడోది వచ్చిందంటే పెళ్ళి ఫ్లెక్సీ అయిపోతుంది.

ఫోన్‌లో చేసేవాళ్ళు చాలామంది పిక్సెల్ ల్యాబ్ వాడతారు, దాంట్లో దించుకున్న ఫాంట్ ఫైల్‌ని కలుపుకోవచ్చు, తెలుగు సరిగానే కూర్చుంటుంది. కంప్యూటర్‌లో ఇంక్‌స్కేప్, గింప్ రెండూ ఉచితం, ఒత్తులు విరగవు. ఫొటోషాప్ వాడేవాళ్ళకి మాత్రం ఒక సెట్టింగ్ చెప్పాలి, ఎందుకంటే "నాకు తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులన్నీ విడిపోతున్నాయి" అని వారానికొకరైనా అడుగుతారు. మీది కొంచెం పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక ఉంటుంది, అక్కడ వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇంకా పాత వెర్షన్‌లో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఎంచుకున్నాక ఫొటోషాప్ మూసి మళ్ళీ తెరవండి. ఇక డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేయిస్తుంటే గుర్తుంచుకోవాల్సింది, అవి యూనికోడ్ (ఫోన్లలో మనం టైప్ చేసే పద్ధతి) కాదు, మీరు వాట్సాప్‌లో పంపిన పేరుని నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అక్కడ అబ్బాయి మళ్ళీ టైప్ చేయాలి, మళ్ళీ టైప్ చేశాడంటే మీరు మళ్ళీ అక్షరం అక్షరం చూసుకోవాలి.

పొల్లు ఉన్న మాటలతో జాగ్రత్త. "నైట్‌షిఫ్ట్" అని రాయాలనుకుంటే కొన్ని కీబోర్డుల్లో ట్ వెళ్ళి షితో అంటుకుని "నైట్షిఫ్ట్" అయి కూర్చుంటుంది. మధ్యలో కనపడని ఒక గుర్తు పెడితే విడివిడిగా ఉంటాయి, అది మీ కీబోర్డులో దొరక్కపోతే కంగారు పడకండి, "నైట్" ఒక టెక్స్ట్ బాక్సులో, "షిఫ్ట్" ఇంకో బాక్సులో రాసి పక్కపక్కన చేర్చేయండి. కవర్ ఎలాగూ బొమ్మే, కనపడేది సరిగ్గా ఉంటే చాలు.

అక్షరం చుట్టూ వేసే గీత, నీడ, మెరుపు

ఇక్కడే ఎక్కువ కవర్లు పాడవుతున్నాయని నా గట్టి అభిప్రాయం. బొమ్మ మీద పేరు కనపడటం లేదని చుట్టూ తెల్ల గీత వేస్తారు, అయినా కనపడకపోతే గీత లావు చేస్తారు, దాని మీద నీడ, దాని మీద బంగారు మెరుపు. మన అక్షరాల్లో పొట్టలు, చిన్న చుక్కలు, కింద చిన్న గీతలు ఉంటాయి, గీత లావయ్యేకొద్దీ అవన్నీ పూడిపోతాయి. "కథ"లో థ కడుపులో చుక్క పోతే అది "కధ" అవుతుంది. ధ కింద చిన్న గీత నీడలో కలిసిపోతే ద అవుతుంది. అసలే ఆ అక్షరాలు తప్పు రాసేవాళ్ళు ఎక్కువ, సరిగ్గా రాసిన మీ పేరు కూడా తప్పులా కనపడుతుంది.

పేరు కనపడకపోతే గీత వేయకండి, వెనకున్న బొమ్మని మార్చండి. పేరు వచ్చే చోట బొమ్మని ముదురు చేయండి, లేదంటే ఆ భాగం మీద ఒకే రంగు పట్టీ వేయండి, లేదంటే ఖాళీ ఆకాశం, ఖాళీ గోడ, ఖాళీ నీళ్ళు ఉన్న బొమ్మ తీసుకోండి. తప్పనిసరిగా గీత కావాలంటే అక్షరం బయటి వైపుకి మాత్రమే వేయండి, లోపలి వైపుకి తిననివ్వకండి, చాలా యాప్‌లలో ఆ ఎంపిక ఉంటుంది.

రంగు సరిపోయిందో లేదో చూడటానికి కవర్‌ని ఫోన్ గ్యాలరీలో నలుపు తెలుపు ఫిల్టర్ పెట్టి చూడండి. పేరు అప్పుడూ చదవగలిగితే మంచిదే. చదవలేకపోతే ఎరుపు మీద ఆకుపచ్చో, ఆకాశం రంగు మీద గులాబీయో పెట్టి ఉంటారు, రంగులు వేరేగా ఉన్నాయి గానీ వెలుగు ఒకటే అన్నమాట. నలుపు మీద ముదురు రక్తం రంగు క్రైమ్ కథల వాళ్ళందరికీ ఇష్టం, గోరంత సైజులో ఆ పేరు చీకట్లో కలిసిపోతుంది. దానికి బదులు నలుపు మీద తెల్ల పేరు పెట్టి, ఒక్క సున్నాని మాత్రమే ఎర్రగా చేసి చూడండి.

అంచుల నుంచి నాలుగు వైపులా వెడల్పులో ఎనిమిది శాతం, అంటే 1600లో సుమారు 130 పిక్సెళ్ళు వదిలేయండి. యాప్‌లు మూలల్ని గుండ్రంగా కోస్తాయి, మూలలో ఏదో గుర్తు అంటిస్తాయి. రచయిత పేరు అక్కడ పెట్టుకుంటే సగం పోతుంది. కవర్ తెల్లగా ఉంటే చుట్టూ మూడు నాలుగు పిక్సెళ్ళ బూడిద రంగు గీత వేయమని కేడీపీ వాళ్ళు చెబుతారు, లేకపోతే తెల్ల పేజీ మీద కవర్ ఎక్కడ మొదలైందో తెలియదు. చిన్న విషయమే గానీ నాకు చాలా ఉపయోగపడింది.

బొమ్మ

ఇప్పుడు బొమ్మకి వద్దాం. పిన్ని పంపిన హీరోయిన్ ఫొటో వద్దన్నాను. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఇది పిన్ని ఒక్కరి సంగతి కాదు, మన సీరియల్ కవర్లలో ఎటు చూసినా సినిమా తారలే.

ఒకటి, ఆ ఫొటో తీసినవాళ్ళకి హక్కు ఉంటుంది, ఆ మొహం ఉన్న మనిషికీ హక్కు ఉంటుంది. 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మీ కథకి చదివినవాళ్ళ దగ్గర్నుంచి రూపాయి వచ్చినా అది వ్యాపారమే. రెండు, దీనికంటే నాకు ముఖ్యమైనది, ఆ హీరోయిన్ మొహం చూడగానే పాఠకురాలికి ఆవిడ చేసిన సినిమా గుర్తొస్తుంది, పిన్ని రాసిన అప్పలనరసమ్మ గుర్తురాదు. మీరు అంత కష్టపడి పుట్టించిన మనిషికి ఇంకొకరి మొహం తొడిగేస్తున్నారు.

సినిమా వాళ్ళు వద్దని పింటరెస్ట్‌లో దొరికిన తెలియని అమ్మాయి ఫొటో పెడితే ఇంకా ఘోరం. ఆ అమ్మాయి ఎవరింటి పిల్లో, తన పెళ్ళి ఫొటోనో పుట్టినరోజు ఫొటోనో మీ విడాకుల కథ మీద, మీ హత్య కథ మీద కనిపిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించండి. దయచేసి ఆ పని చేయకండి.

మరి ఎక్కడ తెచ్చుకోవాలి? అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే సైట్లలో ఉచితంగా వాడుకోదగ్గ ఫొటోలు ఉంటాయి, వాటిల్లో కూడా మొహం స్పష్టంగా కనపడేవాటికి బదులు వెనక నుంచి తీసినవి, చేతులు, కాళ్ళు, నీడలు ఉన్నవి ఎంచుకోండి. వికీమీడియా కామన్స్‌లో మన ఊళ్ళ ఫొటోలు బాగా దొరుకుతాయి, గోదావరి రేవులు, వరంగల్ కోట, అరకు రైలు దారి, ప్రతి ఫొటో కింద లైసెన్స్ రాసి ఉంటుంది, పేరు చెప్పమని ఉంటే మొదటి భాగం చివర ఫొటో తీసినవారి పేరు, లైసెన్స్ పేరు ఒక వాక్యంలో రాయండి. పాత చిత్రాలు వాడాలనుకుంటే మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. రాజా రవివర్మ 1906లో పోయారు, ఆయన చిత్రాలకి ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. వడ్డాది పాపయ్య గారు 1992లో, బాపు గారు 2014లో పోయారు, అంటే వాళ్ళ బొమ్మలు 2052 దాకా, 2074 దాకా వాళ్ళ వారసులవో, హక్కులు కొన్నవాళ్ళవో. ఎంత ఇష్టమున్నా స్కాన్ చేసి పెట్టుకోకూడదు.

అన్నిటికంటే మంచిది మీరే తీయడం. నౌపడ వెళ్ళినప్పుడు సాయంత్రం ఫోన్‌తో తీశాను. మళ్ళలో నిలిచిన నీళ్ళు అద్దంలా ఉన్నాయి, మధ్యలో సన్నటి గట్లు, ఒక మూల తెల్లటి ఉప్పు కుప్ప, దాని పక్కన నేల మీద వదిలేసిన ఒక జత చెప్పులు. చెప్పులు నేను పెట్టినవి కాదు, పనిలో దిగినావిడ విప్పి పెట్టినవి, ఆవిడని అడిగే తీశాను. ఫోన్ నిలువుగా పట్టుకుని, కావాలనే పైన మూడో వంతు ఆకాశం ఖాళీగా వచ్చేలా తీశాను, అక్కడ "ఉప్పుమడి" అని రాయాలని ముందే అనుకున్నాను కాబట్టి. పేరుతో మొదలుపెట్టమనడం ఇందుకే, ఫొటో తీసేటప్పుడే పేరుకి చోటు ఉంచుతారు.

చూశారా, మనిషి మొహం లేదు. ఒక్క వస్తువు ఉంది. మీ కథలో కూడా అలాంటి వస్తువు ఒకటి ఉంటుంది, తాళం వేసిన ట్రంకు పెట్టె, పగిలిన గాజు, ఎర్ర బస్సు టికెట్టు, అమ్మమ్మ ఊతకర్ర. కథలో ఏది పోతే కథే లేదో దాన్ని తీసుకోండి. అమ్మాయీ అబ్బాయీ చందమామా రైలూ గులాబీ ఐదూ కలిపి పెడితే గోరంత సైజులో ఐదు మచ్చలు కనిపిస్తాయి. ప్రేమకథకైనా రెండు మొహాలే అక్కర్లేదు, ఒకే ప్లేటులో రెండు టీ గ్లాసులు చాలు.

ఏఐతో బొమ్మలు చేయించుకునేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. నేను వద్దనను, కానీ తెలుగు పేరు మాత్రం దాంతో రాయించకండి, తెలుగులా కనిపించే ఏవో వంకర్లు వస్తాయి, ఒత్తు ఒకచోట దీర్ఘం ఇంకోచోట. అక్షరాలు లేని బొమ్మ అడిగి, పేరు మీరే పెట్టుకోండి. బొమ్మని కూడా పరాయి కళ్ళతో చూడండి: చీర మన కట్టేనా, పైట ఏ భుజం మీద ఉంది, ఇల్లు మన పెంకుటిల్లేనా ఎక్కడో ఉత్తరాది హవేలీనా, చేతికి వేళ్ళు ఎన్ని. పల్నాడు కథకి రాజస్థాన్ ముగ్గు పెడితే పల్నాడు పాఠకుడు మొదటి చూపులోనే నమ్మకం పోగొట్టుకుంటాడు. కేడీపీలో పెట్టేటప్పుడు కవర్ బొమ్మ ఏఐతో చేయించి ఉంటే ఆ మాట చెప్పమని అడుగుతారు, నిజం చెప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రచయిత పేరు పక్కన "రచన" అని రాయక్కర్లేదు, పేరు ఒక్కటే చాలు, ప్రతి కవర్ మీదా ఒకే చోట, ఒకే ఫాంట్‌లో. మీ రెండో నవల వచ్చినప్పుడు పాఠకులు ఆ చోటు చూసి గుర్తుపడతారు. "సూపర్ హిట్ సీరియల్", "కన్నీళ్ళు పెట్టించే కథ" లాంటివి కవర్ మీద వద్దు. సీరియల్ రెండో సీజన్‌కి వెళ్తే కొత్త కవర్ మొత్తం మార్చకండి, అదే అమరిక ఉంచి రంగు మార్చి, 2 అని పెద్దగా పెట్టండి. పాఠకులు వాళ్ళ లైబ్రరీలో మీ కథని వెతుక్కునేది కవర్ అమరిక చూసి కూడా. మధ్యలో కవర్ మార్చేస్తే "ఆ కథ తీసేశారా అండీ" అని అడుగుతారు, పిన్నిని అడిగారు.

ఫైల్ జేపీజీలో సేవ్ చేసుకోండి, కానీ పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైల్ కూడా ఎక్కడైనా దాచండి, అక్షరదోషం ఆలస్యంగా కనపడితే అదే దిక్కు. ఎవరికైనా వాట్సాప్‌లో పంపాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే కుదించేస్తుంది, అక్షరాల అంచులు పిండి రాలినట్టు అవుతాయి. స్టేటస్ కోసం 1080 బై 1920 సైజులో వేరేగా ఒకటి చేసుకోండి, కవర్‌ని సాగదీయకండి, కవర్ మధ్యలో ఉంచి పైనా కిందా అదే రంగు నింపితే చాలు.

పెట్టేముందు కవర్‌ని చిన్నది చేసి, ఫ్యామిలీ గ్రూపులో కాకుండా విడివిడిగా ఒక నలుగురికి పంపండి. గ్రూపులో మొదటివాళ్ళు "సూపర్" అంటే అందరూ సూపరే. "బాగుందా" అని అడగకండి, మన వాళ్ళు బాగుందనే అంటారు. "పేరేంటి" అని అడగండి, "ఏం కథ అనుకుంటున్నావు" అని అడగండి. నలుగురిలో ఇద్దరు పేరు తప్పు చదివితే, మీకు ఎంత నచ్చినా సరే, మళ్ళీ కూర్చోవాల్సిందే. నేను మొదట ఉప్పుమడికి ప్పు ఒత్తు నీళ్ళ గట్టు మీద పడేలా పెట్టాను, చాలా అందంగా ఉందనుకున్నాను, మా మావయ్య "ఉపుమడి ఏంట్రా" అని అడిగాడు. గట్టు గీత ఒత్తుని మింగేసింది. పేరు మొత్తం 80 పిక్సెళ్ళు పైకి జరిపాను.

చివరిగా అచ్చు ఆలోచన ఉన్నవాళ్ళకి ఒక్క మాట, ఎందుకంటే నేను ఇది ముందు చూసుకోలేదు. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు పుస్తకానికి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 1650 బై 2550 పిక్సెళ్ళు కావాలి, కోతకి నాలుగు వైపులా ఎనిమిదో వంతు అంగుళం కలిపితే 1725 బై 2625. మన 1600 బై 2560 చాలదు. ఎప్పటికైనా పుస్తకం వేయాలనే కోరిక ఉంటే మొదటి రోజే 2000 బై 3200 మీద చేసుకుని, యాప్‌ల కోసం తగ్గించుకోండి. ఫొటో కూడా ఫోన్ కెమెరాలో ఉన్నంత పెద్ద సైజులో తీసి పెట్టుకోండి. పిన్ని సీరియల్ పూర్తయ్యాక పుస్తకం వేద్దామంది, నా దగ్గర ఉన్న ఫొటో అప్పటికే కత్తిరించేసింది. వచ్చే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మళ్ళీ నౌపడ వెళ్ళి తీయాలి, ఈసారి వెనక అట్టకీ సరిపోయేలా, అడ్డంగా కూడా.